కూర్మమ్మ తూచిన లాప్‌టాప్

మా అమ్మని లాప్‌టాప్ కొట్టుకి తీసుకెళ్లడం అంత బుద్ధితక్కువ పని ఇంకోటి లేదు. కానీ ఏం చేస్తాను? చేపలమ్మి కూడబెట్టిన డబ్బు అమ్మ రొంటిన ఉంది. "నాను సూడకుండా సరుకు కొనేస్తావేటే?" అంది మా అమ్మ కూర్మమ్మ. అని, నాకంటే ముందెళ్లి బస్సులో కూర్చుంది.

నేను ఎచ్చెర్లలో ఎంసీఏ చదువుతున్నాను. మాది సముద్రం ఒడ్డు ఊరు. ఊళ్లోంచి ఆటో, ఆటో దిగితే బస్సు, బస్సు దిగితే ఎండలో నడక. బస్సులో సీటు దొరికిన రోజు నాకు పండగే. ఈ ఏడాది లాప్‌టాప్ రోజూ తెచ్చుకోవాల్సిందే అన్నారు మాస్టార్లు. అందుకని నాకు కావాల్సింది తేలికైనది. పెద్ద తెర వద్దు, రంగురంగుల లైట్లు వద్దు. భుజాన వేసుకుని బస్సులో నిలబడగలగాలి, సాయంత్రం దాకా చార్జింగ్ ఆగాలి. ఫోన్లో వెతికి వెతికి మాకు అందే ధరలో ఒకటి పట్టుకున్నాను. శ్రీకాకుళంలో ఫలానా కొట్టులో ఉందని ఫోన్ చేసి మరీ కనుక్కున్నాను.

కొట్టులో సేల్స్‌మన్ పేరు మోహనకృష్ణ. నేనడిగినది తెచ్చి బల్ల మీద పెట్టాడు. అంతటితో ఊరుకోవచ్చు కదా! పక్కనే ఇంకో పెద్దది పెట్టి, "ఇదే ధరకి ఇది కూడా వస్తాదండి" అన్నాడు. అతని పీక నొక్కేద్దామన్నంత కోపం వచ్చింది.

అమ్మ రెండింటినీ చెరో చేత్తో పైకి లేపింది. బేరానికి ముందు చేపని ఎలా లేపి చూస్తుందో అచ్చం అలాగే.

"ఇదేటే?" అంది నేనడిగినదాన్ని ఆడిస్తూ. "ఎండుసేపలాగ తేలిపోతన్నాది. ఇందులో ఏటీ నేదు."

"తేలిగ్గా ఉండడమే దాని గొప్పమ్మా."

"తూకం తగ్గితే రేటు తగ్గాల. ఇదీ అదే రేటు, అదీ అదే రేటు. నానేటి ఎర్రిదానా?"

మోహనకృష్ణ నవ్వు ఆపుకున్నాడు. "పిన్నీ, వీటికి తూకం లెక్క కాదు. సన్నగా సెయ్యడానికే కర్సెక్కువ."

"ఒరే నాయనా, సిక్కిపోయిన సేపని నాను ఎక్కువకి అమ్మితే నన్ను తంతారురా!"

పక్కన ఫోన్లు చూసుకుంటున్నవాళ్లందరూ మావైపు తిరిగారు. నా మొహం కందగడ్డ అయిపోయింది.

"ఇది చేప కాదు. నీకు తెలీదు, ఊరుకో!"

"తెలీదు గాబట్టే తూసి కొంతన్నాను. బాబూ, పెద్దదే కట్టీ."

"పెద్దది కొంటే ఇంట్లోనే పడుంతాది. దానిమీద నువ్వు సేపలెండబెట్టుకో!" కోపమొస్తే నాకూ మా ఊరి మాటే వచ్చేస్తుంది.

"బస్సులో ఎల్తావు గదే, నడిసి ఎల్తావేటి? బలంగా నేవేటి?"

ఇక లాభం లేదనుకున్నాను. మధ్యాహ్నం క్లాసుకి వెళ్లాలని కాలేజీ సంచి వెంట తెచ్చుకున్నాను. అందులో పుస్తకాలు, క్యారేజీ, నీళ్ల సీసా ఉన్నాయి. పెద్ద లాప్‌టాప్‌నీ, ఇటుకంత దాని చార్జర్‌నీ అందులోనే కుక్కి అమ్మ ముందు దబ్బున పెట్టాను. "ఇదీ నేను రోజూ మోసేది. చూసుకో!"

చూసుకుంది. కానీ మా రేవులో ఆడవాళ్లు మోతబరువుని చేత్తో చూడరు. గంప నెత్తికెత్తుకుని నాలుగడుగులు వేస్తేగానీ, ఆ సరుకు ఊళ్లమ్మట తిప్పగలమో లేదో వాళ్లకి నమ్మకం కుదరదు. అమ్మ చీర కొంగుని చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుంది. సంచి ఎత్తి దానిమీద పెట్టుకుంది. ఏసీ కొట్టులో, టీవీల వరసల మధ్య నుంచి, చేతులు వదిలేసి గుమ్మం దాకా నడిచింది!

"అమ్మా, దించవే బాబూ!" అంటూ వెంటపడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాను.

గుమ్మం దగ్గర వెనక్కి తిరగబోయి ఆగిపోయింది. చెయ్యి మెడ మీదకి పోయింది. కళ్లు గట్టిగా మూసుకుంది. గబుక్కున సంచి అందుకుని నా భుజాన వేసుకున్నాను.

"ఏమైందమ్మా?"

"ఏటీ నేదు. మెడనరం. రోజూ లాగేదే."

"రోజూ లాగుతుంటే డాక్టరుకి చూపించుకోవా? ఎవరికీ చెప్పవా? నీకసలు బుద్ధుందా?" అని కొట్టంతా వినబడేలా అరిచాను.

అమ్మ నా మాట వినడం లేదు. సంచి బరువుకి ఒక పక్కకి దిగిపోయిన నా భుజాన్నే చూస్తోంది.

"బాబూ, ఇది తీసీ," అంది చివరికి మోహనకృష్ణతో. "ఆ తేలికదే ఇచ్చీ."

"నీకది నచ్చలేదన్నావు కదమ్మా?"

"నాకు నచ్చక్కర్నేదు. మా యమ్మ దించిన గంప నాను ఎత్తుకున్నాను. అక్కడితో సాలు. నువ్వు మొయ్యకూడదే."

ఏడుపు తన్నుకొచ్చింది. అంతసేపూ ఎగిరిపడ్డదాన్ని, అందరి ముందూ అమ్మని వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చాను.

అమ్మ నా నడుం మీద చురుక్కుమనేలా గిల్లింది. చెవి దగ్గర నోరు పెట్టి, "ఏడుపాపే గుంటా," అంది. "నీకింత నచ్చిందని తెలిస్తే ఆడు ఒక్క రూపాయి తగ్గించడు."