రెప్పపాటు ఆగే కెమెరా

తనకొక శైలి ఉందని కెమెరామన్‌కి తెలియదు. ఒక సినిమా పత్రికలో విమర్శకుడొకాయన దాన్ని కనిపెట్టాడు. "ఈయన కెమెరా మనిషి మొహం మీదికి దూసుకుపోదు. నడిచి నడిచి మూడడుగుల దూరంలో రెప్పపాటు ఆగుతుంది. ఒకరి దుఃఖంలోకి తలుపు తట్టకుండా వెళ్లకూడదని దానికి తెలుసు" అని రాశాడు. కెమెరామన్ ఆ ముక్క నాలుగుసార్లు చదువుకుని, ఐదోసారి భార్యకు చదివి వినిపించాడు.

"ఇదంతా మీరే చేస్తున్నారా?" అంది ఆవిడ.

"మరి ఎవరు చేస్తారు?" అన్నాడాయన.

అప్పటిదాకా అందరిలాగే లైట్లు పెట్టించి, పని ముగించుకుని ఇంటికొచ్చే మనిషి, ఆ రోజు నుంచి ఆచితూచి మాట్లాడటం మొదలుపెట్టాడు. మెడలోకి ఒక మఫ్లర్ చేరింది. పాఠాలు చెప్పమని పిలిచిన సినిమా బడిలో పిల్లలు "సార్, ఆ ఆగడం ఎలా వస్తుంది?" అని అడిగితే, కళ్లు సగం మూసి, "చెబితే వచ్చేది కాదమ్మా. లోపలి నుంచి రావాలి" అనేవాడు. అబద్ధమేమీ కాదు, లోపలి నుంచే వచ్చేది. ఎవరి లోపలి నుంచో తెలియడానికే కొన్నేళ్లు పట్టింది.

కెమెరాని పట్టాల మీద నడిపే బండిని ట్రాలీ అంటారు. ఆయన దానిమీద కూర్చుని వ్యూఫైండర్‌కి కన్ను ఆనిస్తే, వెనక నుంచి తోసేది ఆయన బావమరిది. పెళ్లయిన కొత్తలో "మావాణ్ణీ మీతో తీసుకెళ్లండి, ఊరికే తిరుగుతున్నాడు" అని భార్య తమ్ముణ్ణి అప్పగించింది. పంతొమ్మిదేళ్లుగా తోస్తూనే ఉన్నాడు. మాట తక్కువ, బలం ఎక్కువ. కుడి మోకాలొక్కటే మొండిది, మెట్లెక్కితే కలుక్కుమనేది. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు, షూటింగులో టీ పోసేవాడికీ తెలుసు. దానికీ కళకీ చుట్టరికం ఉంటుందని మాత్రం ఎవరూ అనుకోలేదు.

ఈ ఏడాది రెండు సినిమాల మధ్య ఖాళీ దొరికింది. భార్య తమ్ముణ్ణి చెవి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లి ఆపరేషన్ చేయించింది. మూడు నెలలు తిరిగేసరికి బావమరిది లేడిపిల్లలా నడుస్తున్నాడు.

కొత్త సినిమా దర్శకుడు కుర్రవాడు, కెమెరామన్‌కి వీరాభిమాని. ఇరుకు గదిలో ఒక ముసలావిడ, పోయిన భర్త కోటు జేబులు ఖాళీ చేస్తుంటుంది. ఇల్లంతా వెతికినా దొరకని ఆయన కళ్లజోడు అందులో దొరుకుతుంది. గుమ్మం నుంచి కెమెరా ఆవిడ మొహం దాకా నడవాలి.

"ఈ షాటు మీ కోసమే రాసుకున్నాను సార్. చివర్లో మీరు ఆగే ఆ ఆగడం ఉంది చూడండి, నాకదే కావాలి" అన్నాడు దర్శకుడు.

"చూద్దాం" అన్నాడు కెమెరామన్, మఫ్లర్ సర్దుకుంటూ.

ట్రాలీ నీళ్ల మీద పడవలా సాగి, ఎక్కడా ఆగకుండా ఆవిడ మొహం ముందుకు వచ్చి నిలబడింది.

"చాలా బాగుంది సార్. కానీ మీది రాలేదు" అన్నాడు దర్శకుడు మొహమాటంగా.

రెండోసారీ రాలేదు. కెమెరామన్ లెన్సు మార్పించాడు. మూడోసారీ రాలేదు. రసమట్టం తెప్పించి పట్టాలు సమంగా ఉన్నాయో లేదో చూశాడు. అద్దం మీద గీత పెట్టినంత సమంగా ఉన్నాయి. నాలుగోసారికి దర్శకుడి మొహం వాడిపోయింది. కెమెరామన్ వెనక్కి తిరిగాడు.

"ఏమైందిరా నీకు?"

"ఏమీ కాలేదు బావా, అదే విడ్డూరం" అన్నాడు బావమరిది. "ఇదివరకు బండిని ఆపడానికి చివర్లో బిగబట్టగానే మోకాలు పట్టేసేది. ఒక్క క్షణం ఆగి, ఊపిరి తీసుకుని మళ్లీ తోసేవాణ్ణి. ఇప్పుడు హాయిగా ఉంది. అంతా అక్క చలవ."

కెమెరామన్‌కి కాళ్ల కింద పట్టాలు కదిలినట్టయింది. పత్రికలో వ్యాసం, సినిమా బడిలో పాఠాలు అన్నీ గిర్రున తిరిగాయి. డాక్టరు కోసి అవతల పారేసింది తన శైలినే అని అర్థమైంది.

"మెల్లగా మాట్లాడు" అని చుట్టూ చూసి, "పోనీ, కాస్త కుంటరా" అన్నాడు.

"కుంటాలా?"

"ఇదివరకట్లాగే. నీకు తెలియని విద్యా?"

బావమరిది నిజాయితీగా కుంటుతూ తోశాడు. కెమెరా మాత్రం తాగొచ్చినవాడు ఇంటి తలుపు వెతుక్కున్నట్టు ఊగుతూ వచ్చింది. అలా రెండుసార్లయ్యాక, పట్టా మీద ఒక చెక్కముక్క పెట్టి చూశారు. ట్రాలీ ఎగిరిపడింది. నటి చేతిలోని కళ్లజోడు జారి కింద పడింది.

"నాయనా, మా ఆయన కళ్లజోడు దొరికిందని ఏడవనా, భూకంపం వచ్చిందని పరిగెత్తనా? ఏదో ఒకటి తేల్చి చెప్పండి" అంది ఆవిడ.

దర్శకుడు అందరినీ టీ తాగమన్నాడు. కెమెరామన్ మూల నిలబడి భార్యకు ఫోన్ చేశాడు.

"ఆ డాక్టరు మీవాడి మోకాలు మళ్లీ పాతదానిలా చేయగలడేమో కనుక్కో."

"ముందు మీరు ఏమైనా తిన్నారా?" అని ఆవిడ అనుమానంగా అడిగి, ఫోన్ పెట్టేసింది.

ఆయన వెళ్లి పెరటి మెట్ల మీద బావమరిది పక్కన కూలబడ్డాడు. ఇద్దరూ టీ సగం తాగారు.

"తోసేటప్పుడు నువ్వు ఎటు చూసేవాడివిరా?" అన్నాడు, ఏదో ఒకటి అడగాలని.

"ఎదురుగా నటుల మొహాల్లోకి. నొప్పి తెలియకుండా ఉంటుందని. వాళ్లు ఏడుస్తుంటే మన నొప్పి ఎంతలే అనిపించేది. వాళ్లు ఊపిరి తీసుకున్నప్పుడే నేనూ తీసుకునేవాణ్ణి."

"ఇప్పుడో?"

"ఇప్పుడు కిందికి చూస్తున్నా. ఆరు నెలల దాకా చూసుకుని అడుగెయ్యమన్నాడు డాక్టరు. పట్టాల మధ్య కాలు మడతపడితే అక్క ఊరుకోదు."

కెమెరామన్ గ్లాసు కింద పెట్టాడు. తాను పొద్దుటి నుంచీ ఏం చూస్తున్నాడు? ఆగుతుందా లేదా అని తప్ప, ఆవిడ మొహంలో ఏం జరుగుతోందో ఒక్కసారీ చూడలేదు.

లోపలికి వెళ్లి, పట్టాల మధ్య స్వయంగా చెక్కపలకలు పరిచాడు. ఎక్కడ కాలేసినా తడబడకుండా, ఒక్కోదాన్ని తొక్కి చూశాడు. ఆయన నేల మీద పాకడం యూనిట్ వాళ్లు మొదటిసారి చూశారు.

"ఇంక కిందికి చూడకు. ఆవిణ్ణి చూడు. ఆగాలనిపిస్తే ఆగు, లేకపోతే లేదు."

"దర్శకుడు తిడితే?"

"నన్ను తిడతాడులే."

ఎనిమిదో టేకు. ట్రాలీ కదిలింది. ఆవిడ జేబులోంచి కళ్లజోడు తీసింది. ట్రాలీ సగం దారిలోనే, ఎవరూ ఊహించని చోట ఆగిపోయింది. రెప్పపాటు కాదు, చాలాసేపు. 'అయిపోయింది, దీన్నీ పాడుచేశాం' అనుకున్నాడు కెమెరామన్. అంతలో ఆవిడ ఏడవడం మానేసి, కోటు అంచుతో అద్దాలు తుడిచి, ఆ కళ్లజోడు తనే పెట్టుకుని గదంతా ఒకసారి చూసింది. అప్పుడు కదిలింది ట్రాలీ, మెల్లగా, ఆవిడ వైపు.

దర్శకుడు కట్ చెప్పడం మరిచిపోయాడు. తర్వాత దగ్గరికి వచ్చి, "సార్, ఇది మీరు ఇదివరకు చేసినట్టు లేదు. ఇది ఎలా వచ్చింది?" అన్నాడు.

"లోపలి నుంచి..." అని అలవాటుగా మొదలుపెట్టిన కెమెరామన్, వెనక నిలబడి చెమట తుడుచుకుంటున్న మనిషిని చూసి ఆగిపోయాడు. "ఇది మావాడిది" అన్నాడు. అన్నాక మిగతాదంతా దాచడం కుదరలేదు. మోకాలు, ఆపరేషన్, కుంటమనడం, అన్నీ చెప్పేశాడు. నటి కోటు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కెమెరామన్ చెవులు ఎర్రబడ్డాయి. మఫ్లర్ తీసి సంచిలో కుక్కాడు. గదిలో ఉక్కగా ఉందన్న సంగతి అప్పుడు తెలిసింది. చివరికి తనూ నవ్వాడు.

సినిమా విడుదలయ్యాక బావా, బావమరిదీ, అక్కా కలిసి హాలుకి వెళ్లారు. ఈసారి చివర్లో, కెమెరామన్ పేరు వెంటనే బావమరిది పేరు వేయించారు. అక్క ఆట మొదలైనప్పటి నుంచీ దానికోసమే కాచుకుని కూర్చుంది. తీరా ఆ వేళకి కళ్లజోడు తుడుచుకుంటూ ఉండిపోయింది. పేర్లు గబగబా పైకి పోయాయి.

"వచ్చిందా?" అంది.

"వచ్చింది, పోయింది" అన్నాడు తమ్ముడు.

"కాస్త నెమ్మదిగా పంపితే వాళ్ల సొమ్మేం పోయింది?" అని ఆవిడ విసుక్కుని, మొగుడి వైపు చూసింది. ఆయన లేచి వెళ్లి, తర్వాతి ఆటకి మూడు టికెట్లు తెచ్చాడు.