ముడి కింద కోత

మూడేళ్ళ తరువాత మా బావగారి నుంచి ఫోను వచ్చింది. "మరదలా, గులాబీకి తెల్లగా ఏదో పట్టింది. వారంలో పూల ప్రదర్శన. ఒక్కసారి వచ్చి చూసిపో" అన్నాడు. ఒళ్ళు మండిపోయినా వస్తానన్నాను.

ఆ గులాబీ నాది. నర్సరీలో అంట్లు కట్టడం నా పని. రెండు రకాలను కలిపి, గింజ మొలిపించి, ఐదేళ్ళు నానా పాట్లు పడితే ఒక్క మొక్క నిలిచింది. రేకు లోపల పసుపు, అంచున ఇటుక రంగు. దాని కొమ్మ మీది చిగురు కన్ను తీసి, వేళ్ళు బలంగా ఉండే అడవి గులాబీ మొక్కకు అంటు కట్టాను. నా అద్దె గదికి ఎండ రాదని అక్క వాళ్ళ పెరట్లో పెట్టాను. గింజ మొక్క చచ్చిపోయి, ఆ అంటొక్కటే మిగిలింది. బావగారు దాన్ని తన పేరుతో ప్రదర్శనలో పెట్టి కప్పు కొట్టేశాడు. నేనెవరని అక్కడెవరో అడిగితే, "మా మరదలు. కుండీలకు నీళ్ళు పోస్తుంటుంది" అన్నాడు. ఒక్క కొమ్మ ఇమ్మంటే పెరటి తలుపుకు తాళం వేశాడు. అప్పట్నుంచి మా మధ్య మాటల్లేవు.

వెళ్ళి చూశాను. ఆకుల మీద పిండి జల్లినట్టుంది. రుద్దితే వేలికి అంటింది, అడుగున ఆకు పచ్చగానే ఉంది. చిగుళ్ళు ముడుచుకున్నాయి, మొగ్గల మెడలు తెల్లబడ్డాయి. బూడిద తెగులు. గాలాడకుండా గోడకు ఇరికించి, పైగా యూరియా దండిగా గుమ్మరించాడు. మెత్తటి చిగురంటే ఈ తెగులుకు ప్రాణం.

పట్టిన చిగుళ్ళు కత్తిరించి, నీళ్ళలో కలిపే గంధకం చల్లపూట పిచికారీ చేస్తే మొక్క కోలుకుంటుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది.

"మందు చెబుతాను. నాకొక్క కొమ్మ ఇవ్వండి బావగారూ."

"కొమ్మిస్తే రేపు ప్రతి ఇంట్లోనూ ఇదే పూస్తుంది. కావాలంటే ప్రదర్శనకు పాస్ ఇప్పిస్తాలే" అని నవ్వాడు. అరికాలి మంట నెత్తికెక్కింది.

అంతలో గొంతుక్కూర్చుని మొక్క మొదట్లో వేలు పెట్టాడు. "ఈ బుడిపె చూడు, తెగులు ఇక్కడే పుట్టినట్టుంది."

నేను తెల్లబోయాను. అది నేను అంటు కట్టిన ముడి. దాని పైనున్నది నా గులాబీ, కిందున్నది అడవి గులాబీ. తానే సృష్టించానని వేదికెక్కి చెప్పుకున్న మనిషికి అంటు ముడి తెలియదు.

"మీకు తెలియనిదా, పెంచింది మీరు కదా" అన్నాను.

"జబ్బే. దీన్నీ తీసెయ్యాలి. తీసేస్తే మళ్ళీ చిగురిస్తుందా?"

"చిగురిస్తుంది." అందులో అబద్ధం లేదు.

"మరి ప్రదర్శన?"

"ఈ మొగ్గలు ఎలాగూ విచ్చుకోవు. ఈ ఏటికి వదులుకోండి."

నిట్టూర్చి, రంపం తెచ్చి, ముడి కింద తనే కోశాడు. వంటింటి గుమ్మంలో నిలబడి అక్క అంతా చూసింది. పెళ్ళికి ముందు నా అంట్లకు దారం చుట్టిన మనిషి, ముడేదో ఆవిడకు బాగా తెలుసు. నా మొహంలోకి ఒకసారి చూసి, పొయ్యి మీద పాలున్నాయని లోపలికెళ్ళింది.

"ఈ కొమ్మలు ఇక్కడుంటే మిగతా మొక్కలకూ పాకుతుంది" అన్నాను. బావగారే గోనెసంచిలో కుక్కి నా చేతికిచ్చాడు.

గదికొచ్చి తెల్లబడిన చిగుళ్ళన్నీ కాల్చేశాను. ముదురు కొమ్మలను కడిగి తుడిస్తే పదకొండు మంచి కళ్ళు దొరికాయి. నర్సరీలో ఎండ తగిలే మూల అడిగి పెట్టించుకుని, అన్నిటినీ కొత్త అడవి గులాబీ మొక్కలకు కట్టాను. ఏడు బతికాయి.

మరుసటి ఏడు ప్రదర్శనకు పది రోజుల ముందు మళ్ళీ ఫోను. "మరదలా, మొక్క భలే దూసుకొచ్చింది. ఆకుకు ఏడేసి రెబ్బలు, తెగులు ఛాయే లేదు. మొగ్గలూ వేసింది. ఈసారీ నా పేరే మోగాలి."

అడవి గులాబీ మరి, దూసుకురాదూ? నా కడుపు చల్లబడింది.

"తప్పకుండా పెట్టండి బావగారూ. పేరు కాస్త పెద్ద అక్షరాలతో రాయించండి" అన్నాను.

నేను కూడా ఏడు కుండీలు నమోదు చేయించానని చెప్పలేదు. ఆయనగారి పక్క బల్లే కావాలని అడిగి మరీ తీసుకున్నాను.