కలలో సిగ్నల్

సాయంత్రం టీ తాగుతూ త్రివేణి అడిగింది. "తాతా, నీ కలల్లో రంగులుంటాయా?"

బాగ్‌బేరాలో ఉంటున్న తవిటయ్య రిటైరైన రైలు డ్రైవరు. టీ ఊదుకుంటూ చెప్పాడు.

"అంతా బొగ్గు రంగే. సిగ్నల్ ఒకటే పచ్చగుంటాది. ఎరుపు ఒక్కపాలీ పడదేటో!"

పక్కనున్న భార్య అసిరమ్మ నవ్వింది.

"ఇంజన్లో అసిస్టెంటు సిగ్నల్ రంగు పైకి అరవాల కదా. మీ తాతకదే అలవాటు. నిద్దట్లో 'సిగ్నల్ ఏటి?' అంటాడు. నానే 'గ్రీన్' అంటాను. అప్పుడుగానీ గురక పెట్టడు."

తవిటయ్య గ్లాసు దించాడు. "మరి నువ్వు రెడ్ అన్నావంటే?"

"ఓపాలి సరదాకన్నాను. లేసి కూకుని, పచ్చ పడితేగానీ కదల్నన్నావు."

తవిటయ్య కళ్లు మెరిశాయి.

"అయితే ఈయాల పసుపు అని సూడే. గురక నెమ్మదిస్తాదేటో!"