ఎడమ భుజం

తడిమట్టి వాసన.

దున్నిన నేల వాసన కాదు. గోనె కప్పి, నీళ్ళు చల్లి, మనిషిని చేయడానికి నానబెట్టిన మట్టి వాసన.

రేకుల షెడ్డులో అన్న చొక్కా విప్పి నిలబడ్డాడు. ఎదురుగా శిల్పి. ఇద్దరి మధ్యా, బల్ల మీద, మట్టిలోంచి సగం లేచిన తమ్ముడు.

తమ్ముడు పోయి ఏడాది. దేశానికి మొదటి నాయకుడు. పదకొండేళ్ళు జైల్లో ఉన్నవాడు. మొదటి జెండా ఎగరేసినవాడు. ముఖానికి వేల ఫోటోలున్నాయి. ఒంటి తీరుకు ఒక్కటీ లేదు.

ఇద్దరిదీ ఒకే పోలిక అన్నారు. అన్నను పిలిపించారు.

పోలిక... ఆ మాట అన్న చిన్నప్పటి నుంచీ వింటున్నదే.

ఇంట్లో ఒకటే పలక. అది వాడికిచ్చారు. ఇతనికి కావడి ఇచ్చారు. ఏటి నుంచి ఊళ్ళోకి, ఎడమ భుజం మీద, రెండు కుండల నీళ్ళు — నలభై ఏళ్ళు.

వాడు జైలుకు వెళితే అమ్మ అన్నం మానేసింది. ఇతను జ్వరంతో పడుకుంటే, "మరి నీళ్ళెవరు తెస్తార్రా?" అంది.

వాడు రేడియోలో మాట్లాడిన రోజు అమ్మ రేడియోను ఒళ్ళో పెట్టుకుంది. చంటిపిల్లాణ్ణి పెట్టుకున్నట్టు.

ఇతను పక్కనే ఉన్నాడు.

వాడు మంచివాడు. అదే బాధ. చెడ్డవాడైనా బాగుండేది.

"కాస్త నిటారుగా, పెద్దయ్యా," అన్నాడు శిల్పి. "తమ్ముడుగారు నిలబడితే దేశమే నిలబడింది. మీరు నిలబడితే నా మట్టి కూడా నిలబడట్లేదు."

అన్న నవ్వలేదు. నిలబడ్డాడు.

పదో రోజు విగ్రహం పెట్టిస్తున్న కమిటీ పెద్దమనిషి వచ్చాడు. విగ్రహం చుట్టూ తిరిగాడు. ఆగాడు.

"ఎడమ భుజం దిగిందేంటయ్యా?"

"ఉన్నది ఉన్నట్టు చేశానండి."

"ఆయనకి ఇలాగే ఉండేదా?"

ఇద్దరూ అన్న వైపు చూశారు. శిల్పి చేతిలో మట్టిముద్ద సిద్ధంగా ఉంది.

తమ్ముడి భుజాలు అన్నకు తెలుసు. గీత గీసినట్టు సమంగా ఉండేవి.

నిజం చెబితే — ఒక్క ముద్ద. బొటనవేలితో రెండు రుద్దులు. నలభై ఏళ్ళు చదునైపోతాయి.

అంత మట్టిలో తనదంటూ ఉన్నది ఆ పల్లం ఒక్కటే.

"వాడిదీ అంతే," అన్నాడు. "చిన్నప్పుడు కావడి మోశాడు."

పెద్దమనిషి జేబులోంచి పుస్తకం తీశాడు. "ఎన్నేళ్ళు?"

"...చాలా ఏళ్ళు."

"మాకెవరూ చెప్పలేదే. బంగారం లాంటి సంగతి చెప్పారు పెద్దయ్యా."

రాసుకున్నాడు.

మట్టి కంచు అయింది. నాలుగు రోడ్ల కూడలిలో ముసుగు తీసిన రోజు వాన. మైకులో ముందు ఆ సంగతే చెప్పారు — ఊరికి నీళ్ళు మోసిన భుజం, దేశాన్ని మోసిన భుజం. జనం తడుస్తూనే చప్పట్లు కొట్టారు.

తమ్ముడికి అన్నీ ఉండేవి. లేనిది ఇదొక్కటే.

ఇప్పుడు ఇదీ ఉంది.

గుంపులో పక్కనున్న ముసలావిడ అన్నతో అంది — "ఆ భుజం చూడు నాయనా. ఎంత మోశాడో పాపం."

"మోశాడమ్మా."

తడిసిన కంచు వాసన. వాన నీళ్ళు మెడ మీంచి జారి, ఎడమ పల్లంలోకి చేరి, అక్కణ్ణించి ధారగా...

అన్న కాస్త పక్కకు జరిగాడు. తన ఎడమ భుజం ఆమె వైపు వచ్చేలా తిరిగి నిలబడ్డాడు.

ఆమె పైకే చూస్తోంది.