బడి వదిలాక

లిఫ్టు మెకానిక్కుకు పెళ్లి కాలేదు గానీ పిల్ల మాత్రం వచ్చింది. అక్క జబ్బుతో పోయింది. బావ అంతకు చాలా ముందే ఎటో వెళ్లిపోయాడు. ఏడేళ్ల మేనకోడలు బట్టల సంచీతో అతని రెండు గదుల వాటాలోకి దిగింది. "మేనమామవి, నువ్వు కాకపోతే ఇంకెవరు?" అన్నారు చుట్టాలు. అని, ఎవరి దారిన వాళ్లు పోయారు.

చిక్కంతా బడి వదిలాకే. పిల్ల ఒక్కతే ఇంటికెళ్లి, లోపల గడియ పెట్టుకుని మామయ్యకు ఫోన్ చెయ్యాలి. ఆ ఫోన్ వచ్చేదాకా అతని ప్రాణాలు అరచేతిలో ఉండేవి. వచ్చాక, పొయ్యి ముట్టించిందేమో, కిటికీ ఎక్కిందేమో అని మనసు ఒకటే పీకేది.

ఒక మధ్యాహ్నం ఫోన్ రాలేదు. అతను లిఫ్టు పెట్టె పైకప్పు మీద ఉన్నాడు. అడుగున గోతిలో జతగాడు గ్రీజు రాస్తున్నాడు. అతను ఫోన్ వంకే చూస్తూ, కేక కూడా వెయ్యకుండా కిందికి పోయే మీట నొక్కేశాడు. జతగాడు బొబ్బ పెట్టి, గోడకున్న ఎర్ర మీట కొట్టాడు. పెట్టె జతగాడి నెత్తికి బెత్తెడు దూరంలో ఆగింది.

ఇంట్లో పిల్లకేమీ కాలేదు. బూట్లు కూడా విప్పకుండా నిద్రపోయింది, అంతే.

జతగాడు తిట్టలేదు. నీళ్లు తాగి, "బడి వెనక హాల్లో సాయంత్రాలు పిల్లల్ని చూసుకుంటున్నారంట. చేర్చెయ్యరా," అన్నాడు.

"మా అక్క కూతుర్ని ఎవరి నెత్తినో రుద్దమంటావా?"

"నన్ను పైకి పంపడం కన్నా అదే నయం కదరా."

మర్నాడే పిల్లను అక్కడ చేర్చాడు.

ఆ హాలును ఒక మాజీ నర్సు నడుపుతోంది. పిల్లలు ఆమెను పెద్దక్క అంటారు. మేనకోడలు పది రోజులు తిరక్కుండానే మోచేతులకు రంగులు పూసుకుని, వసపిట్టలా వాగుతూ ఇంటికి రావడం మొదలుపెట్టింది. ఇక మామయ్య కుదుటపడతాడని అందరూ అనుకున్నారు. జరిగింది వేరు. ఇన్నాళ్లూ భయం గుమ్మానికి అడ్డంగా నిలబడింది. అది కాస్త తప్పుకోగానే దుఃఖం లోపలికొచ్చి కూర్చుంది. అన్నం సయించదు. నిద్ర పట్టదు. ఒక సాయంత్రం పిల్లను తీసుకెళ్లడానికి వచ్చి, హాల్లో పిల్లల కుర్చీలో కూర్చున్నవాడు మళ్లీ లేవలేకపోయాడు.

పెద్దక్క పిల్లల్ని ఆవరణలోకి పంపించి, పక్కన కూర్చుంది.

"ఒంట్లో బాగోలేదా?"

"పిల్ల బాగానే ఉందండీ."

"పిల్లను రోజూ నేనే చూస్తున్నాను. మీ సంగతి అడుగుతున్నాను."

నాకేం, దుక్కలా ఉన్నానందామని నోరు తెరిచాడు. "చిన్నప్పుడు మా అక్కే నాకు తల దువ్వేదండీ," అన్నాడు. అంటూనే ఏడ్చేశాడు.

ఆమె ఓదార్చబోలేదు. ఏడ్వనిచ్చింది. తర్వాత, వారానికోసారి పెద్దవాళ్ల కోసం ఒక కౌన్సెలర్ ఇక్కడికే వస్తుందని చెప్పింది. "మీరొక్కరే కాదు. ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్లంతా బాగానే ఉన్నామని చెప్పినవాళ్లే."

వెళ్లాడు. మొదట్లో లిఫ్టుల గురించే మాట్లాడాడు. పాపం, ఆ కౌన్సెలర్ ఇనప తాళ్లు ఎందుకు అరుగుతాయో కూడా ఓపిగ్గా వింది. తర్వాత తర్వాత అక్క మాట వచ్చింది. మందేసినట్టు తగ్గిపోలేదు. కొన్ని రోజులు మామూలుగా గడిచేవి, కొన్ని గడిచేవి కావు. జతగాడు మాత్రం అతను గట్టిగా కేకేసి, తన జవాబు విన్నాకే మీట నొక్కుతున్నాడని గమనించాడు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒకసారి పని పెందలాడే ముగిసింది. హాలుకు వెళ్తే మేనకోడలు తాడాట మధ్యలో ఉంది. "అబ్బా, అప్పుడే వచ్చావేంటి మామయ్యా! కాసేపాగి రా," అని తరిమేసింది.

వీధిలోకి వచ్చి, ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాడు. పక్క మైదానంలో వాలీబాల్ ఆడుతున్నవాళ్లకు ఒక మనిషి తక్కువయ్యాడు. "ఏమండోయ్, వస్తారా?" అని ఎవరో పిలిచారు. పని బూట్లతోనే వెళ్లాడు.

చెమటలు కక్కుతూ తిరిగొచ్చేసరికి పిల్ల మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఎక్కడికెళ్లావ్?"

"ఆడుకోడానికి."

"నెగ్గావా?"

"ఎక్కడే! చిత్తుచిత్తుగా ఓడాం," అన్నాడు.