పురుగులింటి బకెట్టు

మధ్యాహ్నం మల్బరీ ఆకు గంప ఎత్తేసరికి నయనకు పొత్తికడుపు రాయిలా బిగుసుకుంది. తెల్లారకముందు మామిడితోపు చాటుకు పోయివచ్చిందే. మళ్లీ చీకటి పడాలి. మూత్రంలో మంటకు మందిచ్చిన ముళబాగిలు ఆసుపత్రి డాక్టరమ్మ "నీళ్లు బాగా తాగు, ఆపుకోవద్దు" అన్నది. మొదటిది పాటిస్తే రెండోది ఈ ఇంట్లో కుదరదు.

బైరకూరులోని ఆ ఇంట్లో అందరికంటే శుభ్రంగా బతికేవి పట్టుపురుగులు. వాటి గదికి సున్నం, బ్లీచింగు పౌడరు, గుమ్మంలో కాళ్లు కడుక్కోను బకెట్టు నీళ్లు. పెరట్లో సర్కారు సొమ్ముతో కట్టిన కక్కసు కూడా వాటిదే. అవి గూళ్లు కట్టే వెదురు తడకలు అందులో ఉంటాయి. కట్టిన రోజు మామ వెంకటరామప్ప దాని ముందు నిలబడి ఫోటో దిగాడు. ఆ తర్వాత అందులోకి మనిషన్నవాడు పోలేదు.

రిటైరైన మేష్ట్రు కాబట్టి, వెంకటరామప్ప అరుగుమీద పక్కింటి పిల్లప్పకు చరిత్ర చెబుతున్నాడు.

"నాలుగువేల ఏండ్ల కిందటే హరప్పావాళ్లు ఇండ్లల్లో కక్కసులు కట్టుకున్నారప్పా! రోమువాళ్లయితే వరసగా కూర్చోని మాట్లాడుకుంటా పొయ్యేవాళ్లు."

"మన మొగోళ్లు చెరువు కట్టమింద ఇప్పుడూ అంతే కదా మేష్ట్రే" అన్నాడు పిల్లప్ప.

నయన గంపతోనే ఆగింది. "మామా, తడకలు తీసి బయట పెడతాను. నేను పోవల్ల."

మామ హరప్పాలోనే ఉండిపోయాడు. అత్త చిన్నవెంకటమ్మ జవాబిచ్చింది.

"పట్టపగలేనా? గుంత నిండిపోతే ఎవురు తోడేది? బెంగళూరు బంధువులొస్తే ఏం చూపించేది? మీ వయసులో మేం పొద్దుగూకేదాకా ఓర్చుకోలేదా? చచ్చినామా?"

"నీకూ మంటే కదా అత్తా. రాత్రిళ్లు మూలిగేది వినపడతానే ఉండాది."

చిన్నవెంకటమ్మ కొంగు సర్దుకుంది. "పురుగులు ఆకలితో ఉండాయి. ఆకు వెయ్యిపో."

నయన గంప గుమ్మంలోనే దించింది. పురుగులింటి బకెట్టు అందుకుంది. తడకలు పెరట్లోకి లాగి పడేసి, లోపలికి పోయి తలుపు మూసుకుని, గడియ కోసం తడిమింది. లేదు. గడియ బయట పెట్టించారు. సామాను గదికి లోపల గడియ దేనికి?

"తడకలు మట్టిలో పడేసినావేమ్మా! పురుగులకు రోగమొస్తాది. బయటికి రా!" మామ గొంతు.

"రాను మామా."

బయట గడియమీద ఎవరిదో చెయ్యి పడింది. తలుపు తియ్యడానికో, గడియ వెయ్యడానికో తెలియలేదు. నయన ఒక చేత్తో తలుపు పట్టుకునే కూర్చుంది.