బావ కొన్న లాండ్రీ

ఆడిటరుకి లెక్కలకంటే బాగా వచ్చిన విద్య ఒకటుంది. నోరు మూసుకోవడం. ఊళ్లో లెక్కలు రాసేవాళ్లకి కొదవలేదు, ఇతనికంటే తెలివైనవాళ్లు వీధికొకరు దొరుకుతారు. కానీ వాళ్లలో సగంమందికి ఫలానా చెప్పుల కొట్టాయన మునిగిపోతున్నాడనీ, ఫలానా డాక్టరు భార్యకి తెలీకుండా స్థలం కొన్నాడనీ నలుగురికీ చెప్పందే టీ గొంతు దిగదు. మన ఆడిటరు దగ్గర ఆ బెడద లేదు. అక్క ఇంటి ముందుగదిలో మడతబల్ల వేసుకుని మొదలుపెట్టిన ఆఫీసు మెయిన్ రోడ్డు మేడమీదికి ఎక్కిందంటే, ఐదుగురు అసిస్టెంట్లు, గాజు తలుపుల గది, కింద దీపాల బోర్డు వచ్చాయంటే, అదంతా ఆ మూసుకున్న నోటి చలవే. ఈమధ్యే పక్క పోర్షనుకి కూడా అడ్వాన్సు ఇచ్చాడు. గోడ పగలగొట్టి రెండూ కలిపేస్తే ఇంకో ఆరు కుర్చీలు పడతాయి.

ఈ ఎదుగుదలలో సగం లాండ్రీ పెద్దాయన పెట్టిన భిక్ష. ఊరి చివర పెద్ద షెడ్డులో, పెద్ద హోటల్లోని దుప్పట్లూ తువ్వాళ్లూ ఉతికే లాండ్రీ ఆయనది. దానికి ఆ ఒక్క హోటలే ఆధారం. "ఈయన చెవిన వేసింది ఇంకెక్కడికీ పోదు" అని టైర్ల షాపాయన్నీ, ఇద్దరు బిల్డర్లనీ, నర్సింగ్ హోమ్ డాక్టరునీ ఒక్కొక్కరినే చెయ్యిపట్టుకుని తీసుకొచ్చాడు. అసిస్టెంట్ల జీతాలు వాళ్ల ఫీజుల మీదే నడుస్తున్నాయి.

ఆ పెద్దాయన ఒక మధ్యాహ్నం వచ్చి గాజు తలుపు తనే వేసుకుని కూర్చున్నాడు.

"హోటల్ వాళ్లు సొంతంగా మిషన్లు పెట్టుకుంటున్నారండీ. ఈ అగ్రిమెంటు అయిపోగానే మనకి రాంరాం. ఈలోపే లాండ్రీని ఎవరికో ఒకరికి అంటగట్టెయ్యాలి. మీకూ నాకూ తప్ప మూడోవాడికి తెలీకూడదు."

ఆడిటరు ఎప్పటిలాగే తలూపాడు. పాపం కొనేవాడి కొంప మునుగుతుందని అనిపించకపోలేదు. కానీ ఎవరో ఒకరు అంటే ముఖం లేని మనిషి. అలాంటివాడి కోసం ఎవరికీ నిద్ర చెడదు. ఇతనికీ చెడలేదు.

ఆ ఎవరో ఒకరికి ఆదివారం ముఖం వచ్చింది.

అక్క భోజనానికి పిలిస్తే వెళ్లాడు. బావ చాలా ఏళ్లు ఒక మిల్లులో బాయిలరు దగ్గర పనిచేశాడు. మిల్లు మూతపడి, చేతిలో కాస్త డబ్బు పెట్టి పంపించేశారు. అప్పట్నించీ ఆయనకి ఇంట్లో కాలు నిలవదు. చక్కగా పనిచేస్తున్న కుళాయిలన్నీ విప్పి బాగుచేస్తున్నాడు. చేసినవన్నీ ఇప్పుడు కారుతున్నాయని అక్క గోల. అలాంటి బావ ఆ రోజు పెళ్లికొడుకులా వెలిగిపోతున్నాడు.

"లాండ్రీ కొంటున్నానోయ్! మిషన్లంటే నాకు భయమా? సగం జీవితం ఆవిరితోనే కాపురం చేశాను. మిల్లు వాళ్లిచ్చింది వేస్తాం, ఇల్లు బ్యాంకులో పెడతాం. ఎవరి కిందా చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు." ఏ లాండ్రీయో చెప్పి, ఇతని భుజం మీద ఒక్కటి చరిచాడు. "ఆ లెక్కలు చూసేది నువ్వేటగా బావమరిదీ. చెప్పు మరి, కొనొచ్చా?"

"అది నేను చెప్పకూడదు బావా" అన్నాడు ఆడిటరు. "అయినా తొందరేముంది? ఇంకో నాలుగు వ్యాపారాలు చూడు."

"వాడి నోరు విప్పించకండి" అంటూ అక్క అడ్డొచ్చింది. "వాడి వృత్తి వాడిది. అయినా అది మునిగే బేరమైతే వాడు మనల్ని దిగనిస్తాడా?"

ఆమెకి తమ్ముడంటే అంత గురి. అతను కంచంలోకి చూస్తూ తిన్నాడు. ఏం తిన్నాడో అతనికే తెలీదు.

ఇంటికెళ్తూ రెండుసార్లు స్కూటరు ఆపాడు. వెనక్కెళ్లి ఒక్క ముక్క చెబితే సరిపోతుంది. కానీ ఎవరు ఉప్పందించారో పెద్దాయనకి ఇట్టే తెలిసిపోతుంది. ఆయన వెళ్తే ఆయన వెనక వచ్చినవాళ్లంతా వెళ్తారు, వాళ్లతోపాటు ఐదుగురి జీతాలూ వెళ్తాయి. నిరుడు ఒక అసిస్టెంటు పిల్ల ఎవరిదో వ్యవహారం వాళ్ల బాబాయి దగ్గర నోరుజారిందని అదే పూట పంపించేశాడు. ఆ పిల్ల ఎంత ఏడ్చినా కరగలేదు. ఇప్పుడు తన ఇంటివాళ్లనేసరికి నీతి మారుతుందా అని తనని తనే నిలదీసుకున్నాడు. వినడానికి ఎంత బాగుందో చూడండి! పిరికితనం మంచి బట్టలు తొడుక్కుని వచ్చేటప్పుడు ఇలాగే వస్తుంది. అతనికి భయం వేసింది, అంతే. కట్టుకున్నదంతా కూలిపోతుందని ఒళ్లంతా భయం.

మర్నాడు ఉండబట్టలేక బావకి ఫోన్ చేశాడు. "హోటల్ వాళ్లు అగ్రిమెంటు మళ్లీ రాస్తారో లేదో అడుగు. కొనేవాళ్లెవరైనా అడిగే మాటే." అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ చెప్పలేదు. ఆ మాత్రం చెప్పి గబుక్కున ఫోన్ పెట్టేశాడు.

బావ వెళ్లి అడిగాడు. పెద్దాయన నిమ్మకి నీరెత్తినట్టు కూర్చుని, "ఏటేటా రాస్తూనే ఉన్నారు. అనుమానముంటే మీ బావమరిదినే అడగండి. కాగితాలు కూడా ఆయన దగ్గరే రాసుకుందాం" అన్నాడట. మోసం ఉన్నవాడైతే అలా అంటాడా అని బావకి పూర్తిగా నమ్మకం కుదిరింది.

ఆ సాయంత్రమే పెద్దాయన ఆడిటరుకి ఫోన్ చేశాడు. "ఆయన మీ బావ అని ఇవాళే తెలిసిందండీ. అయినా నాకేం దిగుల్లేదు. మీరేంటో నాకు తెలుసు. మా వాళ్లందరికీ తెలుసు." గొంతులో తేనె కారుతోంది. ఆ తేనె కింద ఏముందో ఆడిటరుకి అర్థమైంది. కాగితాలు ఇంకెవరి దగ్గరైనా రాయించుకోమని నసిగాడు. పెద్దాయన నవ్వి ఫోన్ పెట్టేశాడు.

సంతకాల రోజు బావ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. అక్క కూడా వచ్చి, తన ఇంటి ముందుగదిలో పుట్టిన ఆఫీసు ఇంత పెద్దదైనందుకు మురిసిపోతూ గదంతా కలయజూసింది. పెద్దాయన టకటకా సంతకాలు పెట్టేసి కాగితాలు ఇవతలికి జరిపాడు. బావ పెన్ను పట్టుకుని ఆగాడు. తలెత్తి ఆడిటరు కళ్లలోకి సూటిగా చూశాడు.

"ఏం బావమరిదీ, పెట్టేదా?"

నవ్వుతూనే అడిగాడు. కానీ చెయ్యి కాగితం మీదికి దిగలేదు. మాట కోసం నిజంగానే ఆగాడు. గాజు తలుపుకి అవతల ఐదు తలలు వంగి పనిచేసుకుంటున్నాయి. పెద్దాయన గోడమీది కేలండరు చూస్తున్నాడు. ఆడిటరు నోరు తెరిచాడు.

"ఇక్కడ బావా" అని వేలుపెట్టి సంతకం చెయ్యాల్సిన చోటు చూపించాడు.

హోటల్ బండి ఆ తర్వాత కొన్నాళ్లు వచ్చింది. ఒకరోజు రాలేదు. మర్నాడూ రాలేదు. బావ చిన్నచిన్న లాడ్జీల చుట్టూ తిరిగాడు. వాళ్లిచ్చే నాలుగు దుప్పట్లతో బాయిలరు వేడెక్కడానికయ్యే ఖర్చు కూడా రాలేదు. పనివాళ్లు మానేశారు. బ్యాంకు వాళ్లు మొదట ఉత్తరాలు పంపి, తర్వాత మనుషుల్ని పంపారు. ఆడిటరు ఆఫీసులో మాత్రం గోడ పగిలి, రెండు పోర్షన్లూ కలిసిపోయి, కొత్త కుర్చీలు వచ్చాయి.

అక్క ఒకనాడు మధ్యాహ్నం ఒక్కతే వచ్చింది. మనిషి సగమైపోయింది. కొత్త గది ఎలా ఉందో చూడనుకూడా లేదు.

"ఇల్లు ఖాళీ చెయ్యమన్నార్రా" అంది కూర్చుంటూనే.

"మా ఇంటికొచ్చెయ్యండక్కా."

"అందుక్కాదు నేనొచ్చింది." చెంగుతో ముఖం తుడుచుకుంది. "మీ బావ హోటల్‌కెళ్లి అడిగితే, పాత యజమానికి అమ్మకానికి ముందే చెప్పామన్నారట. ఆ రోజునించీ ఈయనకి పిచ్చి పట్టింది. అమ్మినాయనకి తెలిస్తే ఆడిటరుకి తెలీకుండా ఉంటుందా, తెలిసే మన చేత సంతకం పెట్టించాడూ అంటాడు. నా తమ్ముణ్ణి అంత మాటంటారా అని నేనూ నోటికొచ్చినట్టు తిట్టాను. వారం నించీ ఆయనతో మాటల్లేవు. పక్కగదిలో పడుకుంటున్నాను." తమ్ముడి వైపు జరిగి కూర్చుంది. "ముప్పయ్యేళ్లలో ఎప్పుడూ ఇలా లేంరా మేము. నువ్వు ఒక్క ముక్క చెప్పు. నీకు తెలీదుగా?"

ఆడిటరుకి చెప్పెయ్యాలనిపించింది. ఆమె కాళ్లమీద పడి భోరున ఏడవాలనిపించింది. ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాడేగానీ నోరు తెరిచి అబద్ధం ఆడలేదు. మిగిలింది ఆ ఒక్క గౌరవమే.

"తెలీదక్కా" అన్నాడు.

ఆమె ఒక్కసారిగా గుండెలనిండా ఊపిరి పీల్చుకుంది. నెలల తర్వాత ఆ ముఖం కాస్త తేటపడింది. "నాకు తెలుసురా! నేనన్నదే నిజం. ఇంటికెళ్లి ఆయనకి గడ్డి పెడతాను" అంటూ లేచింది. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, వేళకి తింటున్నావా లేదా అని కూడా అడిగింది.

సాయంత్రం అసిస్టెంట్లు బయల్దేరుతుండగా ఫోన్ మోగింది. బావ.

"మీ అక్క చెప్పింది. బుద్ధి గడ్డితిని నిన్ను అనుమానించాను. ఆవిణ్ణి కూడా ఏడిపించాను. మనసులో పెట్టుకోకురా."

"పర్లేదు బావా" అన్నాడు ఆడిటరు. "బాధలో ఉన్నప్పుడు ఎవరికైనా అలాగే అనిపిస్తుంది."